వేడిని చూసి తిరిగే ఫ్యాన్: మైక్రోకంట్రోలర్ ల్యాబ్ ప్రాజెక్టు డైరీ

కోర్సులో మా ఇద్దరికి ఇచ్చిన పని ఇది. గది ఉష్ణోగ్రత చదవాలి, ఎల్‌సీడీ మీద చూపాలి, బటన్లతో పెట్టిన హద్దు దాటితే చిన్న డీసీ మోటార్ ఫ్యాన్ తిప్పాలి, అన్నీ సీరియల్ పోర్టులో లాగ్ చేయాలి. రెడీమేడ్ బోర్డు, రెడీమేడ్ లైబ్రరీలు నిషేధం. ఏవీఆర్ కుటుంబానికి చెందిన 28 కాళ్ల ఏటీమెగా328పీ చిప్పును బ్రెడ్‌బోర్డు మీద గుచ్చి, సీ భాషలో రిజిస్టర్లకు (చిప్పు భాగాలను నడిపే చిన్న మెమరీ గళ్లకు) నేరుగా రాయాలి.

తర్వాతి బ్యాచ్ వాళ్లు మేము పడ్డ గోతుల్లో మళ్లీ పడకూడదని రాస్తున్నాను. సాఫీగా జరిగినవి ఒక్క వాక్యంలో దాటేస్తాను. ప్రతి దశ చివర మూడు లెక్కలు ఉంటాయి: పట్టిన గంటలు, ఫ్లాష్ వాడకం, తగలబెట్టిన భాగాలు. ఈ చిప్పులో ఫ్లాష్ (ప్రోగ్రామ్ ఉండే చోటు) 32 కిలోబైట్లు, ర్యామ్ 2 కిలోబైట్లు, ఈఈప్రామ్ (కరెంటు పోయినా విలువలు నిలిచే చోటు) 1 కిలోబైటు.

పనిముట్లు: మల్టీమీటర్, యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ (చిప్పులోకి ప్రోగ్రామ్ ఎక్కించేది), యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్, 8 ఛానళ్ల చిన్న లాజిక్ అనలైజర్ (పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్‌తో), ల్యాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు ఆసిలోస్కోప్.

దశ 1: ఎల్‌ఈడీ వెలగదు

థియరీ క్లాసులో మాకు 8051 చెప్పారు. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. ల్యాబ్‌లో ఏవీఆర్. నేను థియరీ నోట్సులోని రీసెట్ సర్క్యూట్‌నే మక్కీకి మక్కీ దించేశాను: 5 వోల్టుల నుంచి రీసెట్ పిన్నుకి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, పిన్ను నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్ రెసిస్టర్.

చిత్రం ఏమిటంటే ప్రోగ్రామ్ చక్కగా ఎక్కుతోంది. చిప్పు సిగ్నేచర్ సరిగ్గా వస్తోంది, వెరిఫై పాసవుతోంది. ఎల్‌ఈడీ మాత్రం వెలగదు. మూడు గంటలు కోడ్ తిట్టుకున్నాను. బ్లింక్ ప్రోగ్రామ్‌లో తిట్టడానికి ఉన్నదే పది లైన్లు.

చివరికి 1వ పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే 0.9 వోల్టు. 8051లో రీసెట్ పిన్ను వోల్టేజ్ పైకి లేస్తే చిప్పు రీసెట్‌లోకి వెళుతుంది. ఏవీఆర్‌లో కిందికి దిగితే వెళుతుంది. నా 10 కిలోఓమ్ రెసిస్టర్ చిప్పును శాశ్వతంగా రీసెట్‌లో కూర్చోబెట్టింది. ప్రోగ్రామర్‌కి కావలసింది కూడా అదే స్థితి కాబట్టి ప్రోగ్రామింగ్‌కి ఏ అడ్డూ రాలేదు.

మార్చినవి:
1. రీసెట్ పిన్ను నుంచి 5 వోల్టులకు 10 కిలోఓమ్. కెపాసిటర్ తీసేశాను.
2. 7, 20 పిన్నులు రెండూ 5 వోల్టులకు, 8, 22 రెండూ గ్రౌండ్‌కి. ఏడీసీ (వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం) వాడకపోయినా 20వ పిన్ను కలపాల్సిందే.
3. ఎల్‌ఈడీకి 330 ఓమ్. (5 − 2) ÷ 330 అంటే దాదాపు 9 మిల్లీఆంపియర్లు. ఒక్కో పిన్నుకు డేటాషీట్ గరిష్ఠ పరిమితి 40, కానీ అది తట్టుకునే హద్దే, వాడుకునే హద్దు కాదు. రెసిస్టర్ లేకుండా నేరుగా 5 వోల్టులకు పెట్టి చూసిన ఎల్‌ఈడీ లెక్క కింద ఉంది.

లెక్క: 6 గంటలు. ఫ్లాష్ 178 బైట్లు. కాలినవి 1 (ఎల్‌ఈడీ).

దశ 2: క్లాక్, ఫ్యూజులు, చచ్చి బతికిన చిప్పు

రీసెట్ సరిచేశాక కూడా ఎల్‌ఈడీ బ్లింక్ అవలేదు. అయిదు సెకన్లు చూసి, ఆపి, ఏదో మార్చి, మళ్లీ అయిదు సెకన్లు చూశాను. ఇలా చాలాసార్లు. ఒకసారి బోర్డు అలాగే వదిలి పక్క టేబుల్ దగ్గరికి వెళితే పార్ట్‌నర్ పిలిచింది: "ఇది వెలిగింది!" వచ్చేసరికి ఆరిపోయింది.

ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టాను. 8 సెకన్లు వెలుగు, 8 సెకన్లు చీకటి. కోడ్‌లో పెట్టింది 500 మిల్లీసెకన్లు. అంటే సరిగ్గా 16 రెట్లు నెమ్మది. కొత్త చిప్పులో లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ని 8తో భాగించే ఫ్యూజ్ (చిప్పులో నిలిచిపోయే సెట్టింగ్) ఆన్‌లో ఉంటుంది (లో ఫ్యూజ్ హెక్స్ 62), కాబట్టి అది నడిచేది 1 మెగాహెర్ట్జ్ మీద. నేను కోడ్‌లో 16 మెగాహెర్ట్జ్ అని రాసుకున్నాను. క్రిస్టల్ బోర్డు మీద ఉంది, 22 పికోఫారడ్ కెపాసిటర్లు రెండూ ఉన్నాయి. చిప్పుకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే పెద్ద తప్పు. ఫ్యూజ్ పట్టికలో "ఎక్స్‌టర్నల్ క్లాక్" అని కనబడగానే లో ఫ్యూజ్‌కి హెక్స్ ఈ0 రాసేశాను. క్రిస్టల్ కావాలంటే ఎంచుకోవలసింది "ఎక్స్‌టర్నల్ క్రిస్టల్", అంటే హెక్స్ ఎఫ్ఎఫ్. ఎక్స్‌టర్నల్ క్లాక్ అంటే బయటి నుంచి తయారైన చదరపు తరంగం రావాలి, చిప్పు క్రిస్టల్‌ని ఊపదు. రాసిన మరుక్షణం ప్రోగ్రామర్ చిప్పును గుర్తుపట్టడం మానేసింది.

ల్యాబ్ అసిస్టెంట్ గారు వచ్చి చూసి, "చావలేదులే, గుండె కొట్టుకోవట్లేదంతే" అన్నారు. బతికించిన పద్ధతి:

1. పార్ట్‌నర్ దగ్గరున్న పనిచేసే ఏటీమెగా328పీ బోర్డులో ఒక టైమర్‌ను సీటీసీ మోడ్‌లో (కంపేర్ విలువ చేరగానే మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టే పద్ధతి), పిన్ను టాగుల్ అయ్యేలా పెట్టాం. 16 మెగాహెర్ట్జ్, ప్రీస్కేలర్ (క్లాక్‌ను భాగించే సంఖ్య) 1, కంపేర్ విలువ 7. ఫలితం 16 ÷ (2 × 8) = 1 మెగాహెర్ట్జ్.
2. ఆ పిన్ను నుంచి చచ్చిన చిప్పు 9వ పిన్నుకి ఒక వైరు. రెండు బోర్డుల గ్రౌండ్ కలపాలి. మొదటిసారి అది మర్చిపోయాం.
3. ప్రోగ్రామర్ బిట్ క్లాక్‌ను 10 మైక్రోసెకన్లకు తగ్గించాం. ప్రోగ్రామింగ్ క్లాక్ చిప్పు క్లాక్‌లో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి.
4. లో ఫ్యూజ్ హెక్స్ ఎఫ్ఎఫ్ రాశాం. వైరు తీసేశాం. బ్లింక్ ఒక సెకనుకి ఒకటి.

ఏటీమెగా32 తీసుకున్న పక్క జట్టుకి ఇంకో ఫ్యూజ్ తలనొప్పి తగిలింది. వాళ్ల పోర్ట్ సీలో 2 నుంచి 5 వరకు పిన్నులు మాట వినలేదు. ఆ చిప్పులో జేటాగ్ (డీబగ్గింగ్ పోర్టు) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉండి ఆ నాలుగూ తన దగ్గర పెట్టుకుంటుంది. 328పీలో జేటాగ్ లేదు, మేము తప్పించుకున్నాం.

లెక్క: 7 గంటలు, మొత్తం 13. ఫ్లాష్ 178. కాలినవి 1.

దశ 3: సీరియల్, దొంగ కరెంటు

బాడ్ (సీరియల్ వేగం) లెక్క కాగితం మీద చేసుకోండి. 16 మెగాహెర్ట్జ్‌లో 9600కి బాడ్ రిజిస్టర్ విలువ 103, తేడా 0.2 శాతం. ఆశపడి 115200 పెట్టాను: దగ్గరి విలువ 8, తేడా 3.5 శాతం, పది లైన్లలో ఒకటి చెత్త. 38400కి విలువ 25, తేడా మళ్లీ 0.2 శాతం. దాంతోనే ఉండిపోయాం.

అసలు కథ వేరే. ఎల్‌సీడీకి చోటు కావాలని చిప్పును బ్రెడ్‌బోర్డులో కింది సగానికి జరిపాం. సీరియల్ పనిచేస్తోంది, ఎల్‌ఈడీ కాస్త డల్లుగా ఉంది. లాజిక్ అనలైజర్ పెట్టడానికి సీరియల్ వైరు పీకగానే చిప్పు మొత్తం ఆగిపోయింది. మళ్లీ పెడితే నడుస్తోంది. రిసీవ్ పిన్ను వైరు పీకితే ఎల్‌ఈడీ ఎందుకు ఆరాలి?

"ఒరే, అసలు నీ చిప్పుకి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది?" అంది పార్ట్‌నర్.

7వ పిన్ను దగ్గర కొలిస్తే 3.7 వోల్టులు. మా పొడవు బ్రెడ్‌బోర్డులో పవర్ పట్టీ మధ్యలో తెగి ఉంది. ఎర్ర గీత కూడా అక్కడ తెగే ఉంది, మేం చూడలేదు. కింది సగానికి అసలు 5 వోల్టులే అందడం లేదు. సీరియల్ అడాప్టర్ ట్రాన్స్‌మిట్ పిన్ను ఖాళీగా ఉన్నప్పుడు హై స్థాయిలో ఉంటుంది. ఆ కరెంటు రిసీవ్ పిన్నులోని రక్షణ డయోడ్ గుండా లోపలికి దూరి చిప్పు మొత్తాన్ని నడిపింది. 16 మెగాహెర్ట్జ్‌కి డేటాషీట్ గ్రాఫ్ ప్రకారం సుమారు 3.8 వోల్టులైనా ఉండాలి. అంటే అంచు మీద నడుస్తూ మమ్మల్ని మోసం చేసింది.

మార్చినవి: పట్టీల మధ్య నాలుగు తెగిన చోట్లా జంపర్లు. ఇకనుంచి ఏ కొత్త వైరింగ్ చేసినా మొదట 7వ, 20వ పిన్నుల మీద వోల్టేజ్ కొలిచి కాగితం మీద రాయడం. ఈ కాగితం తర్వాత రెండుసార్లు పనికొచ్చింది.

లెక్క: 4 గంటలు, మొత్తం 17. ఫ్లాష్ 436. కాలినవి 1.

దశ 4: బటన్లు, టైమర్

రెండు బటన్లు, హద్దు పెంచడానికి ఒకటి, తగ్గించడానికి ఒకటి. లోపలి పుల్‌అప్ (నొక్కనప్పుడు పిన్నును హైలో ఉంచే రెసిస్టర్) వాడాం. మొదటి ప్రయత్నం బయటి ఇంటరప్ట్‌తో (పిన్ను మారగానే జరుగుతున్న పని ఆపి వేరే ఫంక్షన్ నడిపేది), పిన్ను కిందికి దిగిన ప్రతిసారీ లెక్క ఒకటి పెంచడం.

50 సార్లు నొక్కితే లెక్క 137.

లాజిక్ అనలైజర్‌లో చూస్తే ఒక్క నొక్కుకి అయిదారు చీలికలు. మా బటన్‌లో అన్నిటికన్నా పొడవైన కంపనం 3.8 మిల్లీసెకన్లు. వదిలినప్పుడు కూడా కంపిస్తుంది, అది నేను ఊహించలేదు.

రెండో ప్రయత్నం సిగ్గుపడాల్సినది: ఇంటరప్ట్ ఫంక్షన్ లోపలే 20 మిల్లీసెకన్ల డిలే. లెక్క 137 నుంచి 96కి తగ్గింది, 50కి రాలేదు. ఎందుకంటే డిలే నడుస్తుండగా వచ్చిన కంపనం ఇంటరప్ట్ జెండాను మళ్లీ ఎత్తి పెడుతుంది. బయటికి రాగానే ఫంక్షన్ ఇంకోసారి నడుస్తుంది. పైగా ఆ 20 మిల్లీసెకన్లలో సీరియల్‌లో వచ్చే అక్షరాలు పోయాయి. 38400లో ఒక్కో బైటుకి 260 మైక్రోసెకన్లు, చిప్పు పట్టి ఉంచగలిగేది రెండు మూడు బైట్లే.

నిలబడిన పద్ధతి:
1. టైమర్ 0 సీటీసీ మోడ్, ప్రీస్కేలర్ 64, ప్రతి 1 మిల్లీసెకనుకి ఒక టిక్.
2. ప్రతి 5 మిల్లీసెకన్లకు బటన్ స్థితి చదవడం.
3. వరుసగా 4 సార్లు ఒకేలా ఉంటేనే నమ్మడం.

200 నొక్కులకు లెక్క 200. పార్ట్‌నర్ 200 నొక్కింది, నేను గీతలు పెట్టాను.

ఈ టిక్‌లోనే రెండు తప్పులు దాక్కున్నాయి. మొదటిది, కంపేర్ విలువ 250 పెట్టాను. టైమర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది కాబట్టి 249 పెట్టాలి. 250 పెడితే టిక్ 1.004 మిల్లీసెకన్లు. కంటికి కనబడదు, కానీ గంటసేపు నడిపి స్టాప్‌వాచ్‌తో పోలిస్తే 14 సెకన్లు వెనకబడింది. కాగితం మీద లెక్క 14.4.

రెండోది ఇంకా మాయదారిది. లాగ్‌లో టైం 4863 ఉండాల్సిన చోట 5119 వచ్చి, మరుసటి లైన్లో మళ్లీ మామూలైంది. ఇలాంటివి రాత్రంతా నడిపిన లాగ్‌లో తొమ్మిది దొరికాయి. దూకుడు ప్రతిసారీ 256. ఆ అంకె చూశాకే వెలిగింది. టిక్ లెక్క 32 బిట్లది, చిప్పు 8 బిట్లది, చదవడానికి నాలుగు దఫాలు పడుతుంది. కింది బైటు చదివాక, పై బైటు చదివేలోపు ఇంటరప్ట్ వచ్చి లెక్క మారిపోతే, సగం పాతది సగం కొత్తది చేతికొస్తుంది. వేరియబుల్‌కి వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) పెట్టాను కదా అనుకున్నాను. వోలటైల్ కంపైలర్‌ని మాత్రమే ఆపుతుంది, ఇంటరప్ట్‌ని కాదు. ఇంటరప్ట్‌లు ఆపి, కాపీ చేసుకుని, పాత స్థితికి తెచ్చే చిన్న ఫంక్షన్ రాశాం. తర్వాత రాత్రి లాగ్‌లో సున్నా.

లెక్క: 9 గంటలు, మొత్తం 26. ఫ్లాష్ 1,060. కాలినవి 1.

దశ 5: ఎల్‌సీడీ

16 అక్షరాలు, 2 వరుసలు, హిటాచీ హెచ్‌డీ44780 రకం కంట్రోలర్. 4 బిట్ల పద్ధతి, ఆరు వైర్లు.

- తెర ఖాళీ: కాంట్రాస్ట్ పిన్ను (3వది) గాల్లో ఉంది. 10 కిలోఓమ్ పాట్ (తిప్పి మార్చే రెసిస్టర్) పెట్టి తిప్పాం. సరిపోయిన చోట ఆ పిన్ను మీద 0.6 వోల్టు.
- పై వరుసలో నల్లగళ్లు: కాంట్రాస్ట్ బాగుంది, ప్రారంభ ఆదేశాలు అందలేదని అర్థం. కరెంటు వచ్చాక 15 మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. మేం 50 ఆగుతున్నాం.
- మొదటి రెండు అక్షరాలు మాయం: అన్ని ఆదేశాలకూ 50 మైక్రోసెకన్లే ఆగాను. చాలావాటికి 37 చాలు, కానీ తెర తుడిచే ఆదేశానికి 1.52 మిల్లీసెకన్లు కావాలి. 2 ఇచ్చాం.
- రీసెట్ బటన్ నొక్కితే పిచ్చి అక్షరాలు: ఇది పట్టుకోవడానికి ఒక సాయంత్రం పోయింది. చిప్పు రీసెట్ అయినా ఎల్‌సీడీకి రీసెట్ లేదు, అది 4 బిట్ల పద్ధతిలో, బహుశా ఒక బైటు సగంలో ఆగి ఉంటుంది. డేటాషీట్‌లో 3 అనే విలువను మూడుసార్లు పంపమని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. దాన్ని ఒక్కసారి చాలులే అని కుదించింది నేనే. మూడూ పంపి, వాటి మధ్య 5 మిల్లీసెకన్లు, 150 మైక్రోసెకన్లు ఆగి, తర్వాత 2 పంపాలి.
- మిణుకు: ప్రతి లూప్‌లో తెర తుడవొద్దు. పాత అక్షరాల మీదే రాయండి, మిగిలిన చోట ఖాళీలు నింపండి.

డిగ్రీ గుర్తు కోసం బొమ్మ గీయనక్కర్లేదు, మా మాడ్యూల్‌లో హెక్స్ డీఎఫ్ దగ్గర ఉంది.

లెక్క: 5 గంటలు, మొత్తం 31. ఫ్లాష్ 1,690. కాలినవి 1.

దశ 6: ఎల్‌ఎం35 చెప్పే అబద్ధాలు, నేను చేసినవి

ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ ఒక్కో డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. బల్లపరుపు ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి: 5 వోల్టులు, అవుట్‌పుట్, గ్రౌండ్. నేను కింది నుంచి చూసిన బొమ్మను పై నుంచి చూసినట్టు చదివి తిరగేసి పెట్టాను. వేలు పెడితే చురుక్కుమంది. వెంటనే పీకడం వల్ల బతికింది. దాన్ని పక్కన పెట్టి కొత్తది వాడాం, ఒకసారి కాగిన సెన్సర్ చెప్పే మాట నమ్మలేం.

5 వోల్టుల రిఫరెన్స్‌తో (ఏడీసీ కొలిచే గరిష్ఠ వోల్టేజ్) 10 బిట్ల ఏడీసీ ఒక మెట్టు 4.88 మిల్లీవోల్టులు, అంటే 0.49 డిగ్రీ. తెర మీద 29.8, 30.3 మధ్య గెంతులు. లోపలి 1.1 వోల్టు రిఫరెన్స్‌కి మారితే మెట్టు సుమారు 0.11 డిగ్రీ. 110 డిగ్రీల దాకా చదవొచ్చు, మాకు చాలు. ఏడీసీ క్లాక్ 16 మెగాహెర్ట్జ్ ÷ 128 = 125 కిలోహెర్ట్జ్. పూర్తి 10 బిట్లు కావాలంటే అది 50 నుంచి 200 మధ్య ఉండాలి.

జాగ్రత్త: లోపలి రిఫరెన్స్ వాడుతున్నప్పుడు 21వ పిన్నుకి బయటి వోల్టేజ్ ఇవ్వకండి. గ్రౌండ్‌కి 100 నానోఫారడ్ కెపాసిటర్ మాత్రమే.

తర్వాత వరసగా మూడు తప్పులు.

మొదటిది: దశాంశాల కోసం స్ప్రింట్ఎఫ్ అనే సీ ఫంక్షన్‌లో ఫ్లోట్ (దశాంశ సంఖ్య) పెట్టాను. తెర మీద ప్రశ్నార్థకం. ఏవీఆర్ లైబ్రరీ మామూలుగా ఫ్లోట్ ముద్రించదు, దానికి వేరే లైబ్రరీ లింక్ చేయాలి. చేస్తే ఫ్లాష్ 1,690 నుంచి 4,944కి ఎగబాకింది. చోటు ఉంది, కానీ ఒక్క దశాంశ బిందువు కోసం మూడు కిలోబైట్లు ఖర్చుపెట్టడానికి మనసొప్పలేదు. ఎల్‌ఎం35లో ఒక మిల్లీవోల్టు అంటే పదోవంతు డిగ్రీయే కదా. మిల్లీవోల్టుల పూర్ణాంకం తీసుకుని, చివరి అంకె ముందు చుక్క పెడితే అయిపోయింది.

రెండోది: ఆ మార్పు చేశాక గదిలో మైనస్ 1.9 డిగ్రీలు. ఫ్యాన్ ప్రాజెక్టుకి అవసరమే లేని చలి. ఏడీసీ విలువ 284, దాన్ని 1083తో గుణిస్తే 3,07,572. ఏవీఆర్‌లో ఇంట్ (మామూలు పూర్ణాంకం) 16 బిట్లే, అది 32,767 దగ్గర ముగుస్తుంది. పొంగిపోయి మిగిలింది మైనస్ 20,108. దాన్ని 1024తో భాగిస్తే మైనస్ 19, చుక్క పెడితే మైనస్ 1.9. గుణకారాన్ని 32 బిట్లలో చేయించగానే 30.0 వచ్చింది.

మూడోది: పై లెక్కలో 1083 ఎక్కణ్నుంచి వచ్చిందని అడగాలి మీరు. మొదట 1100 పెట్టాను, పేరే 1.1 వోల్టు కదా. ల్యాబ్ థర్మామీటర్ పక్కన పెడితే మాది అర డిగ్రీ ఎక్కువ చూపింది. డేటాషీట్‌లో ఆ రిఫరెన్స్ 1.0 నుంచి 1.2 దాకా ఎంతైనా ఉండొచ్చని ఉంది. 21వ పిన్ను మీద కొలిస్తే మా చిప్పులో 1.083. మీ చిప్పులో వేరే ఉంటుంది, మా అంకె కాపీ కొట్టకండి. రిఫరెన్స్ మార్చిన వెంటనే వచ్చే మొదటి రీడింగ్ కూడా పారేయాలి.

సెన్సర్‌ను బోర్డు వేడికి దూరంగా పెట్టాలని ఒకటిన్నర మీటర్ల వైరు కట్టాం. రీడింగ్ మూడు డిగ్రీలు అటూ ఇటూ ఊగింది. స్కోప్‌లో అవుట్‌పుట్ కంపిస్తోంది. ఈ సెన్సర్ సొంతంగా 50 పికోఫారడ్ దాకానే మోయగలదు, పొడవు వైరు అంతకన్నా ఎక్కువ. అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 75 ఓమ్, 1 మైక్రోఫారడ్ వరసగా పెట్టమని డేటాషీట్‌లోనే ఉంది. పెట్టాం, 16 రీడింగుల సగటు తీశాం. ఊగడం 0.1 డిగ్రీకి దిగింది.

లెక్క: 11 గంటలు, మొత్తం 42. ఫ్లాష్ 2,146. కాలినవి 1, పక్కన పెట్టినది 1.

దశ 7: మోటార్ రాగానే అన్నీ చెడ్డాయి

12 వోల్టుల బ్రష్ మోటార్. తిరుగుతుంటే 180 మిల్లీఆంపియర్లు, షాఫ్ట్ పట్టుకుని ఆపితే 900. ఈ రెండో అంకె ముందే కొలిచి ఉంటే సగం గంటలు మిగిలేవి.

ట్రాన్సిస్టర్: చేతిలో బీసీ547 ఉందని పెట్టాం, బేస్‌కి 10 కిలోఓమ్. మోటార్ ఈడుస్తూ తిరిగింది. బేస్ కరెంటు 0.43 మిల్లీఆంపియర్లు, 200 రెట్లు అనుకున్నా 86 మించదు. బేస్ రెసిస్టర్ 1 కిలోఓమ్‌కి తగ్గిస్తే జోరుగా తిరిగింది, పది నిమిషాలకు వాసన వచ్చింది. దాని కలెక్టర్ హద్దు 100 మిల్లీఆంపియర్లు. రెండోది పెట్టి "ఈసారి చూద్దాం" అన్నది ఎవరో రాయను. రెండోదీ పోయింది.

తర్వాత ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (గేట్ వోల్టేజ్‌తో నడిచే ట్రాన్సిస్టర్). పేరులో ఒక్క అక్షరం తేడాతో ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఉంటుంది, దాని ఆన్ రెసిస్టెన్స్ హామీ గేట్‌కి 10 వోల్టులు ఇచ్చినప్పటిది. మన చిప్పు ఇచ్చేది 5. గేట్‌కి వరసగా 220 ఓమ్, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్. ఈ రెండోది మొదట పెట్టలేదు. ప్రోగ్రామ్ ఎక్కిస్తున్నంతసేపు పిన్నులు గాల్లో ఉంటాయి, గేట్ కూడా గాల్లోనే, మోటార్ ఫుల్ స్పీడ్‌లో.

పిన్ను ఎంపిక: పీడబ్ల్యూఎం (వేగం మార్చడానికి మోటార్‌ను గబగబా ఆన్ ఆఫ్ చేయడం) కోసం 17వ పిన్ను తీసుకున్నాను. ప్రోగ్రామర్ డేటా వైరు కూడా అదే. ప్రతి అప్‌లోడ్‌కి మోటార్ గింజుకునేది. 5వ పిన్నుకి మార్చాను, టైమర్ 2 రెండో అవుట్‌పుట్.

కూత: ప్రీస్కేలర్ 64తో ఫాస్ట్ మోడ్‌లో 977 హెర్ట్జ్, ఈల వేసినట్టు. 7.8 కిలోహెర్ట్జ్‌లో ఇంకా చెవికి గుచ్చుకుంది. ఫేజ్ కరెక్ట్ మోడ్, ప్రీస్కేలర్ 1తో 31.4 కిలోహెర్ట్జ్, మనిషికి వినబడదు. అక్కడ మోటార్‌కి అడ్డంగా ఉన్న 1ఎన్4007 డయోడ్ వేడెక్కింది, అంత వేగానికి అది నెమ్మది. 1ఎన్5819 షాట్కీ పెట్టాం, చల్లబడింది.

రీసెట్లు: అసలు గొడవ ఇది. మోటార్ మొదలైన ప్రతి మూడు సార్లలో ఒకసారి తెర మీద స్వాగత సందేశం మళ్లీ వచ్చేది. నేను కోడ్‌లో పాయింటర్ తప్పు అని రెండు రోజులు వెతికాను. చిప్పునే అడగొచ్చని ల్యాబ్ అసిస్టెంట్ గారు చెప్పారు: ఎంసీయూఎస్ఆర్ రిజిస్టర్‌లో రీసెట్ కారణం ఉంటుంది. మొదట్లోనే చదివి, సున్నా చేసి, సీరియల్‌లో ముద్రించాలి. సున్నా చేయకపోతే పాత కారణాలు పోగుపడి తప్పుదారి పట్టిస్తాయి. బ్రౌన్అవుట్ (వోల్టేజ్ పడిపోతే రీసెట్ చేసే) ఫ్యూజ్ డిఫాల్ట్‌గా ఆఫ్, దాన్ని 4.3 వోల్టులకు పెట్టాం (ఎక్స్‌టెండెడ్ ఫ్యూజ్ హెక్స్ ఎఫ్‌సీ). తర్వాతి రీసెట్‌కి జవాబు వచ్చింది: బ్రౌన్అవుట్.

మల్టీమీటర్ మాత్రం 4.98 అనే చూపుతోంది. అది నిదానంగా సగటు తీసే పరికరం. స్కోప్‌లో మోటార్ మొదలైన క్షణాన 5 వోల్టులు 3.7కి జారి, 2 మిల్లీసెకన్లలో కోలుకుంటోంది. 900 మిల్లీఆంపియర్ల తొలి లాగుడుకి అడాప్టర్ కుంగి, 7805 రెగ్యులేటర్‌కి కావలసిన 7 వోల్టులు కూడా అందడం లేదు.

ఒక్కొక్కటే మార్చి కొలిచాం, అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు:

1. మోటార్ గ్రౌండ్‌ను బ్రెడ్‌బోర్డు పట్టీ గుండా కాకుండా నేరుగా అడాప్టర్ దగ్గరికి: కనిష్ఠం 3.9.
2. మోటార్ సరఫరాకు అడ్డంగా 470 మైక్రోఫారడ్: 4.2.
3. 7-8, 20-22 పిన్నుల పక్కనే 100 నానోఫారడ్ చొప్పున: కనిష్ఠం మారలేదు, సన్నని ముళ్లు పోయాయి.
4. డ్యూటీని (ఆన్‌లో ఉండే సమయపు వంతు) ఒక్కసారిగా కాకుండా 400 మిల్లీసెకన్లలో మెల్లగా పెంచడం: 4.8.

300 సార్లు మోటార్ ఆన్ ఆఫ్ చేసే టెస్ట్ ప్రోగ్రామ్ రాసి వదిలాం. రీసెట్లు 0.

డ్యూటీ 35 శాతం కన్నా తక్కువైతే మోటార్ తిరగదు, గుర్రుమంటుంది. కాబట్టి కనిష్ఠం 90 (255లో). హద్దు దగ్గర నిమిషానికి 14 సార్లు ఆన్ ఆఫ్ అయ్యేది. హద్దు దాటితే ఆన్, హద్దుకి ఒక డిగ్రీ కిందికొస్తేనే ఆఫ్ అని మార్చాం.

లెక్క: 17 గంటలు, మొత్తం 59. ఫ్లాష్ 2,730. కాలినవి 3.

దశ 8: ఈఈప్రామ్

హద్దు గుర్తుంచుకోవాలి. మొదటిసారి ఆన్ చేస్తే హద్దు 255 డిగ్రీలు, ఎందుకంటే ఖాళీ ఈఈప్రామ్‌లో ఉండేది హెక్స్ ఎఫ్ఎఫ్. 15 నుంచి 60 మధ్య లేకపోతే 30 తీసుకోమని రాశాం. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించిన ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోతుంటే హై ఫ్యూజ్‌ను డీ9 నుంచి డీ1కి మార్చాం. ఒక్కో చోట లక్ష రాతలు హామీ, కాబట్టి ప్రతి నొక్కుకీ రాయకుండా చివరి నొక్కు తర్వాత 5 సెకన్లు ఆగి, విలువ మారితేనే రాస్తాం.

లెక్క: 3 గంటలు, మొత్తం 62. ఫ్లాష్ 2,988. కాలినవి 3.

వైవా రోజు

అన్నీ నడిచాయి. ఎగ్జామినర్ సార్ ఏమీ అడగకుండా ఎల్‌ఎం35 అవుట్‌పుట్ వైరు పీకారు. తెర మీద 61.4 డిగ్రీలు, ఫ్యాన్ ఫుల్ స్పీడ్. వేలు వైరు దగ్గరికి తెస్తే 74. "ఇదెవరి ఉష్ణోగ్రత?" అన్నారు. గాల్లో ఉన్న పిన్ను ఏదో ఒకటి చదువుతుందని తెలుసు, తెలిసీ దాని గురించి కోడ్‌లో ఏమీ రాయలేదు.

ఆ సాయంత్రమే ఏడీసీ పిన్ను నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్ పెట్టాం. వైరు ఊడితే రీడింగ్ సున్నాకి పడుతుంది. 2 డిగ్రీల కన్నా తక్కువ వరసగా పదిసార్లు వస్తే ఫ్యాన్ ఆపి, "సెన్సర్ లేదు" అనే అర్థం వచ్చే సందేశం చూపిస్తుంది. ఇరవైసార్లు పీకి చూశాం, ఇరవైసార్లూ వచ్చింది. 5 వోల్టుల వైరు ఊడినా అదే సందేశం. గ్రౌండ్ వైరు ఒక్కటే ఊడితే మాత్రం అవుట్‌పుట్ పైకి లేచి ఫ్యాన్ ఇంకా ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతోంది. దానికి పై హద్దు కూడా పెట్టాలి, అది ఇంకా రాయలేదు.

లెక్క: 1 గంట, మొత్తం 63. ఫ్లాష్ 3,052. కాలినవి 3.